డబ్లిన్ తీరంలో బోర్డు మీద రెండేసి పేర్లు: ఏది ముందుది, ఏది తర్వాతిది?

తీరంరాతలు:
ఐర్లండ్‌లో డబ్లిన్ తీరం వెంట నడిచే డార్ట్ రైలు దారిలో ఉన్న ఊళ్ళ మీద తెలుగులో చిన్న పుస్తకం తయారవుతోంది. ఉత్తరాన హోత్ నుంచి దక్షిణాన గ్రేస్టోన్స్ దాకా. పేర్ల దగ్గర బండి ఆగిపోయింది. ఏ బోర్డు చూసినా ఐరిష్ పేరొకటి, ఇంగ్లీషు పేరొకటి. కొన్ని జంటల్లో ఒకటి రెండోదానికి అనువాదం. కొన్నింట్లో అర్థం పోయి శబ్దం మాత్రం మిగిలింది. సటన్ దగ్గరైతే రెండు పేర్లకూ చుట్టరికమే కనపడదు. పర్యాటక వ్యాసాలన్నీ "ఐరిష్ పేరే అసలుది, ఇంగ్లీషువాళ్ళు పాడుచేశారు" అని ఒక్క మాటలో తేల్చేస్తున్నాయి. గ్రేస్టోన్స్ గురించి కూడా అదే రాశారు!
రెండు సంగతులు కావాలి. ఏ పేరు పాతదో తేల్చే పద్ధతి ఏమిటి? 1901 జనాభా లెక్కల్లో డన్ లీరీ అని కొడితే ఒక్క మనిషీ రావట్లేదు, అదెందుకు?

మెయిల్‌బోటు:
రెండోది తేలిక. 1821 నుంచి 1920 దాకా ఆ ఊరి పేరు కింగ్స్‌టౌన్. ఆ పేరుతో వెతకండి.

ఉప్పుచేప:
మొదటిది తేలిక కాదు. కుర్చీ లాక్కుని కూర్చోండి.

పటాలపిచ్చి:
"ఐరిష్ పేరే పాతది" అన్న సూత్రాన్ని ముందు చెత్తబుట్టలో వేయండి. ఈ తీరంలో పేర్లు మూడు భాషల్లో పుట్టాయి: ఐరిష్, స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల నోర్స్, ఇంగ్లీషు. ఒక భాషలో పుట్టిన పేరు ఇంకో భాషలోకి వెళ్ళేటప్పుడు శబ్దంగా వెళ్ళచ్చు, అర్థంగా వెళ్ళచ్చు, అసలు వెళ్ళకపోవచ్చు.
క్లాన్‌టార్ఫ్ శబ్దంగా వెళ్ళింది. ఐరిష్‌లో క్లూన్ టారవ్, ఎద్దుల పచ్చిక. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు.
గ్రేస్టోన్స్ దీనికి తిరగబడ్డ కేసు. పేరు పుట్టిందే ఇంగ్లీషులో, ఒడ్డున ఉన్న బూడిదరంగు రాళ్ళను బట్టి. ఐరిష్ రూపం నా క్లుఖా లీఅహా అంటే అవే బూడిదరంగు రాళ్ళు. తర్వాత చేసిన అనువాదం అది.
హోత్ ఇంకో రకం. నోర్స్‌లో హొవుద్, తల అని. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండను వాళ్ళు అలా పిలిచారు. ఐరిష్ పేరు బిన్ ఏడర్, ఏడర్ కొండ. ఒకే కొండకు ఇద్దరు పెట్టుకున్న రెండు సొంత పేర్లు. ఒకటి రెండోదాన్ని పాడుచేసిందేమీ లేదు.

ఉప్పుచేప:
అంటే మ్యాపులో హోత్ హెడ్ అని ఉంటే "తల తల" అన్నమాట.

పటాలపిచ్చి:
అంతే. లాంబే ఐలండ్ అన్నా అదే కథ. నోర్స్‌లో "ఎయ్" అంటే దీవి, లాంబ్-ఎయ్ అంటే గొర్రెపిల్లల దీవి. దాని వెనక ఇంగ్లీషులో మళ్ళీ ఐలండ్ తగిలించారు. ఐరిష్‌లో దాని పేరు వేరే ఉంది, రాఖ్రిన్.

మెయిల్‌బోటు:
రింగ్స్‌ఎండ్‌ని మరవద్దు. ఐరిష్ "రిన్" అంటే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన కొన. ఇంగ్లీషు ఎండ్ అంటే మళ్ళీ కొనే. 1649లో ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ సైన్యంతో దిగింది అక్కడే. పేరులో ఉంగరం మాత్రం లేదు.

తీరంరాతలు:
మరి డాల్కీ? ఇంగ్లీషు స్పెల్లింగు చివర ఈ-వై, ఆ "ఎయ్" ఉందిగా. నోర్స్ అని రాసేయచ్చా?

ఫాదా_దీర్ఘం:
ముందు ఉచ్చారణ. డాల్కీ కాదు, డాకీ. ఎల్ పలకదు. తెలుగు పుస్తకంలో డాల్కీ అని అచ్చేస్తే, చదివినవాళ్ళు స్టేషన్‌లో ఆ పేరు చెప్పి అడిగినప్పుడు అవతలివాళ్ళు రెండుసార్లు అడిగించుకుంటారు.

పటాలపిచ్చి:
డాకీలో రెండు భాషలూ ఉన్నాయి. ఐరిష్ పేరు డెల్గినిష్: డెల్గ్ అంటే ముల్లు, ఇనిష్ అంటే దీవి. ఒడ్డుకు ఎదురుగా ఉన్న చిన్న దీవి పేరు అది. నోర్స్‌వాళ్ళు దాన్నే తమ మాటల్లోకి మార్చుకున్నారు: డాల్క్ అంటే ముల్లు లేదా బట్టకు గుచ్చే సూది, ఎయ్ అంటే దీవి. ఇంగ్లీషువాళ్ళకు పేరు నోర్స్ నుంచి అందింది. అర్థం ఐరిష్‌ది, శబ్దం నోర్స్‌ది, స్పెల్లింగు ఇంగ్లీషుది. దీవి పేరు ఒడ్డున ఉన్న ఊరికి అంటుకుంది.

సందేహాలరావు:
చివర "ఎయ్" కనపడగానే దీవి అనుకునే జబ్బు ఒకటుంది, అది కూడా చెప్పండి. పక్క స్టేషన్ కిలైనీకి కూడా ఇంగ్లీషు స్పెల్లింగు చివర అవే రెండక్షరాలు. అక్కడ దీవీ లేదు, నోర్సూ లేదు.

ఫాదా_దీర్ఘం:
నిజం. కిలైనీ ఐరిష్‌లో కిల్ ఇనీన్ లేనీన్. కిల్ అంటే చర్చి, ఇనీన్ అంటే కూతురు. లేనీన్ కూతుళ్ళ చర్చి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి "ఇనీన్ లేనీన్" మొత్తం నలిగి "ఐనీ" అయింది. ఆ పాత చర్చి శిథిలం ఇంకా ఊళ్ళోనే ఉంది.
కిల్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. అడవికి ఐరిష్ మాట ఇంగ్లీషు స్పెల్లింగులో కొన్నిచోట్ల "కిల్" అయిపోయింది. కాబట్టి కిల్ కనపడ్డచోటల్లా చర్చి అని రాయకండి. డార్ట్ దారిలో ఆ ఇబ్బంది లేదు. కిల్‌బారక్, కిలెస్టర్, కిలైనీ, షాంకిల్ నాలుగూ చర్చిలే. షాంకిల్ అంటే పాత చర్చి.

గెజిట్‌గోపాలం:
పద్ధతి అడిగారు కాబట్టి చెప్తున్నా. ఐరిష్ ప్రభుత్వ స్థలనామాల శాఖ, డబ్లిన్ సిటీ యూనివర్సిటీ కలిసి నడిపే ఉచిత డేటాబేస్ ఉంది, పేరు లొగానిమ్. ఎల్-ఓ-జి-ఏ-ఐ-ఎన్-ఎమ్, చివర డాట్ ఐ-ఈ.
ఊరి పేరు కొట్టగానే ఒకే పేరుతో పది ఫలితాలు వస్తాయి. కౌంటీ చూసి ఎంచుకోండి. ఆపైన అది టౌన్‌లాండా, ఊరా, సివిల్ పారిషా అన్నది చూడండి. టౌన్‌లాండ్ అంటే భూమి లెక్కల్లో అన్నిటికన్నా చిన్న విభాగం. ఐర్లండ్ మొత్తమ్మీద అవి 60,000 పైనే. కొన్ని టౌన్‌లాండులు కలిస్తే సివిల్ పారిష్, పారిష్‌లు కలిస్తే బారొనీ, బారొనీలు కలిస్తే కౌంటీ.
పేజీ తెరిచాక పైన ఉన్న ఐరిష్ పేరు చూసి వెనక్కి రాకండి. అది ఇప్పటి అధికారిక రూపం, అంతే. కిందికి వెళ్తే చాలా పేర్లకు పాత రికార్డుల్లోని రూపాలు సంవత్సరంతో సహా ఉంటాయి, శాఖవాళ్ళ చేతిరాత కార్డుల స్కానులు కూడా. తేల్చేది ఆ వరస. 1200లలోనే ఐరిష్ ఛాయ ఉన్న రూపం కనపడితే ఇంగ్లీషు పేరు దానినుంచి వచ్చిందని అర్థం. పాత రూపాలన్నీ ఇంగ్లీషే అయి, ఐరిష్ రూపం ఆధునిక కాలంలో మాత్రమే కనపడితే అది తిరుగు అనువాదం.

తీరంరాతలు:
ఇదే కావలసింది. దీన్ని సటన్ మీద పెడితే?

గెజిట్‌గోపాలం:
సటన్ శుద్ధ ఇంగ్లీషు, దక్షిణపు ఊరు లేదా పొలం అని. ఇంగ్లండ్ నుంచి దండెత్తి నార్మన్లు వచ్చాక పెట్టిన పేరు. ఐరిష్ పేరు ఫింటాన్ అనే సాధువు చర్చిని బట్టి వచ్చింది. రెండూ పాతవే, రెండూ విడివిడి. మీరన్నట్టు చుట్టరికం లేదు.

ఫాదా_దీర్ఘం:
ఆ ఐరిష్ పేరును "కిల్ ఫింటాన్" అని రాయకండి. అక్కడ ఎఫ్ పక్కన హెచ్ ఉంది. ఆ జంట అసలు పలకదు. కిల్ యున్‌టాన్‌కి దగ్గరగా వినపడుతుంది.
మిగతా సూత్రాలు కూడా ఒకచోట పెడుతున్నా. బి-హెచ్, ఎమ్-హెచ్ రెండూ "వ". టి-హెచ్ అంటే ఉట్టి "హ". మాట మధ్యలో జి-హెచ్, డి-హెచ్ సాధారణంగా మాయమవుతాయి. సి-హెచ్ అంటే గొంతులోంచి వచ్చే "ఖ". అచ్చు మీద వాలుగీత ఉంటే దాని పేరు ఫాదా, అది మన దీర్ఘమే. తెలుగు లిపికి ఇక్కడ ఇంగ్లీషు మీద పైచేయి. దీర్ఘాన్ని దీర్ఘంగా రాసేయచ్చు.

ఉప్పుచేప:
ఇన్ని అక్షరాలు రాసి పలకకపోతే అచ్చు ఖర్చు ఎవరు భరిస్తారు?

ఫాదా_దీర్ఘం:
1940ల్లో వాళ్ళకూ అదే అనుమానం వచ్చి స్పెల్లింగు సంస్కరణ చేశారు, పలకని అక్షరాలు చాలా కొట్టేశారు. డన్ లీరీ మాత్రం తప్పించుకుంది. లీరీలో మధ్యన ఉన్న జి-హెచ్ సంస్కరణలో ఎగిరిపోవాల్సింది, పాత స్పెల్లింగే ఉంచేశారు. ఓలీరీ అన్న ఇంటిపేరు తెలిసినవాళ్ళకు పలకడం కష్టం కాదు, మాట అదే. ఐరిష్‌లో డూన్ లీరె, లీరె కోట అని. అయిదో శతాబ్దపు రాజు పేరు.

మెయిల్‌బోటు:
ఆ పేరు చరిత్ర కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే "1920లో పాత పేరు తిరిగొచ్చింది" అని అందరూ రాస్తారు. అది సగమే నిజం.
1821కి ముందు అది చిన్న జాలరి పల్లె. ఇంగ్లీషు కాగితాల్లో డన్‌లీరీ అని, పలికినట్టే రాసేవారు. 1807 నవంబరులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రాచ్‌డేల్ అనే రెండు ఓడలు తుఫానులో ఆ ఒడ్డునే రాళ్ళకు కొట్టుకుని, సుమారు 400 మంది పోయారు. గాలివానలో ఓడలు తలదాచుకోడానికి రేవు కావాలని రిచర్డ్ టౌచర్ అనే కెప్టెన్ ఉద్యమం నడిపాడు. 1817లో పని మొదలైంది. రాయి డాకీ క్వారీది, గ్రానైటు. క్వారీ నుంచి రేవుకు పట్టాలు వేసి, బరువు బండ్లు పల్లంలోకి దిగుతుంటే ఖాళీ బండ్లు పైకి లాగబడేలా గొలుసు కట్టారు. ఆ దారి ఇప్పుడు నడకబాట, పేరు ద మెటల్స్. పుస్తకంలో తప్పక పెట్టండి.
1821 ఆగస్టు 12న నాలుగో జార్జి రాజు హోత్‌లో దిగాడు. సెప్టెంబరు 3న డన్‌లీరీ నుంచి ఓడ ఎక్కాడు. ఆ గౌరవార్థం ఊరు కింగ్స్‌టౌన్ అయింది. అంటే రాజుగారు వచ్చినందుకు కాదు, వెళ్ళినందుకు పెట్టిన పేరు.

ఉప్పుచేప:
పీడా పోయిందని పండగ చేసుకున్నట్టు లేదూ?

మెయిల్‌బోటు:
ఒక స్తంభం కూడా కట్టారు, నాలుగు రాతి గుండ్ల మీద నిలబెట్టి. హోత్‌లో దిగినచోట ఆయన అడుగుల అచ్చు రాతిలో చెక్కారు.
అసలు విషయానికొస్తా. 1920లో ఊరి కౌన్సిలు కింగ్స్‌టౌన్‌ని తీసేసినప్పుడు వెనక్కి తెచ్చింది పాత ఇంగ్లీషు స్పెల్లింగు డన్‌లీరీని కాదు, ఐరిష్ స్పెల్లింగుని. ఇంగ్లీషులో రాసేటప్పుడూ అదే రాయాలి. అందుకే ఆ స్టేషన్ బోర్డు మీద పేరు జంటగా లేదు, ఒక్కటే.

సందేహాలరావు:
ఒక్కటే అని తేల్చేయకండి. స్టేషన్‌కి ఇంకో పేరుంది, మాలిన్ స్టేషన్. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటుకు 50 ఏళ్ళయిన సందర్భంగా 1966లో, మరణశిక్ష పడ్డ నాయకుల పేర్లు స్టేషన్లకు పెట్టారు. డన్ లీరీకి మైకేల్ మాలిన్, బ్రేకి ఎడ్వర్డ్ డేలీ. జనం వాడరు, కానీ పాత టైంటేబుల్స్ చూసేవాళ్ళకు తగులుతుంది.

గెజిట్‌గోపాలం:
కింగ్స్‌టౌన్ రికార్డుల విషయం. 1901, 1911 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితం. ఊరి గడిలో కింగ్స్‌టౌన్ కొట్టండి, వీధి పేరు మొదట ఖాళీగా వదలండి. జార్జెస్ స్ట్రీట్ లాంటి పేర్లలో అపాస్ట్రఫీ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. అక్కడే వెతుకులాట తప్పుతుంది.
దానికి ముందు కాలానికి గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847-1864 మధ్య దేశం మొత్తం ఇళ్ళకూ భూములకూ పన్ను కోసం కట్టిన విలువలు. అందులో కింగ్స్‌టౌన్ కోసం వెతికితే మంక్స్‌టౌన్ సివిల్ పారిష్, రాత్‌డౌన్ బారొనీ కింద వస్తుంది.
అసలు గోతిలో పడేసేది జనన మరణ సూచికలు. వాటిలో కింగ్స్‌టౌనూ ఉండదు, డన్ లీరీ కూడా ఉండదు. నమోదు జిల్లా పేరు రాత్‌డౌన్. పేదల సహాయ సంఘాల హద్దులనే నమోదు జిల్లాలుగా వాడుకున్నారు, అందుకని. బ్రేలో పుట్టినవాళ్ళూ అందులోనే. క్లాన్‌టార్ఫ్, హోత్ వైపువాళ్ళు డబ్లిన్ నార్త్ కింద.

తీరంరాతలు:
రాత్‌డౌన్! అది ఇప్పటి కౌంటీ పేరులో సగం అని మాత్రమే తెలుసు.

గెజిట్‌గోపాలం:
1994 జనవరి 1న డబ్లిన్ కౌంటీని మూడు ముక్కలు చేసినప్పుడు దక్షిణ తీరానికి డన్ లీరీ-రాత్‌డౌన్ అని పెట్టారు, పాత బారొనీ పేరు కలిపి. ఉత్తరానిది ఫింగల్. ఫిన గాల్ అంటే పరాయివాళ్ళ గడ్డ. పరాయివాళ్ళంటే వైకింగులు. వెయ్యేళ్ళ నాటి మాట ఇప్పుడు కౌన్సిలు లెటర్‌హెడ్ మీద ఉంది.

గోదారిగట్టు:
తెలుగు పాఠకులకు ఒక ముడి ఇక్కడ వేయచ్చు. వి.వి.గిరి 1913-16 మధ్య డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. ఆ కాలం సంగతులు రాసేటప్పుడు వేల్స్‌లోని హోలీహెడ్ నుంచి మెయిల్ ఓడ వచ్చే రేవును కింగ్స్‌టౌన్ అనే రాయాలి. బ్రాకెట్లో ఇప్పటి పేరు ఇస్తే చాలు.

మెయిల్‌బోటు:
అవును. 1918 అక్టోబరు 10న జర్మన్ జలాంతర్గామి ముంచిన లెన్‌స్టర్ ఓడ వార్తలూ అంతే, బయల్దేరిన రేవు కింగ్స్‌టౌన్. 500 మందికి పైగా పోయారు. పాత పత్రికల్లో డన్ లీరీ అని వెతికితే ఈ ప్రమాదం కనపడదు.

కార్కుసీసా:
డబ్లిన్ దాటి ఒక్కసారి ఇటు చూడండి. కార్క్ రేవులో కోవ్ ఉంది. 1849లో విక్టోరియా రాణి వచ్చిందని క్వీన్స్‌టౌన్ చేశారు, 1920ల మొదట్లో తిరిగి మార్చారు. తమాషా ఏమిటంటే ఇప్పటి స్పెల్లింగు చూసి అందరూ ప్రాచీన ఐరిష్ మాట అనుకుంటారు. ఇంగ్లీషు "కోవ్"నే, అంటే చిన్న అఖాతం అన్న మాటనే, ఐరిష్ అక్షరాల్లో రాశారు. బి-హెచ్ అంటే వ అని పైన ఫాదా_దీర్ఘం చెప్పారుగా, అదీ సంగతి. 1912లో టైటానిక్ చివరిగా ఆగిన రేవు క్వీన్స్‌టౌన్ అని ఉంటుంది, అది ఈ ఊరే.

సందేహాలరావు:
1920 ప్రాంతంలో మార్పులన్నీ కోపంతో ఇంగ్లీషు పేర్లు చెరిపేయడమే కదా? అలా రాస్తే తప్పేంటి?

పటాలపిచ్చి:
అలా అయితే బ్లాక్‌రాక్, శాండీమౌంట్, మంక్స్‌టౌన్ అన్నీ పోవాలి. పోలేదు. తీసేసినవి ఎక్కువగా రాజవంశాన్ని పొగిడే పేర్లు. కింగ్స్‌టౌన్, క్వీన్స్‌టౌన్, లోపల కింగ్స్ కౌంటీ, క్వీన్స్ కౌంటీ, మేరీబరో. చివరి మూడూ ఇప్పుడు ఆఫలీ, లీష్, పోర్ట్‌లీష్. ఊరి కౌన్సిళ్ళు వీధుల పేర్ల జోలికి కూడా పెద్దగా పోలేదు. డన్ లీరీ ప్రధాన వీధి ఇప్పటికీ జార్జెస్ స్ట్రీటే, రేవు పక్కన ఉన్నది క్వీన్స్ రోడ్డే.

ఉప్పుచేప:
బూటర్స్‌టౌన్‌లో బూట్లు కుట్టేవాళ్ళు ఉండేవారా? సీరియస్‌గానే అడుగుతున్నా.

పటాలపిచ్చి:
లేరు. బాల్యా అన్ వోహర్, దారి పక్క ఊరు. "బోహర్" అంటే దారి. సగం శబ్దంగా మార్చి, సగం అనువదించారు: బోహర్ బూటర్ అయింది, బాల్యా టౌన్ అయింది. ఇంగ్లీషులో టౌన్ చివరనున్న పేర్లు చాలావాటి వెనక బాల్యా ఉంటుంది. మంక్స్‌టౌన్ కూడా బాల్యా న మానఖ్, సన్యాసుల ఊరు. డబ్లిన్‌లోని సెయింట్ మేరీస్ ఆబీ అనే మఠంలోని సిస్టర్షియన్ శాఖ సన్యాసుల భూములు అవి.

ఉప్పుచేప:
పూల్‌బెగ్ దగ్గర పిజన్ హౌస్? పావురాలు?

మెయిల్‌బోటు:
పావురాలు కాదు, మనిషి. నది నోటికి దక్షిణాన సౌత్ వాల్ అనే రేవు గోడ కట్టేటప్పుడు అక్కడ కాపలా ఉన్న జాన్ పిజన్ ఇంటిపేరు. పూల్‌బెగ్ మాత్రం ఐరిష్, చిన్న మడుగు.

నార్తువాల్:
గోడల ప్రసక్తి వచ్చింది కాబట్టి బుల్ ఐలండ్. క్లాన్‌టార్ఫ్ ఎదురుగా ఉన్న 5 కిలోమీటర్ల ఇసుక దీవి. 1800కి ముందు మ్యాపుల్లో వెతక్కండి, లేదు.
డబ్లిన్ మధ్య నుంచి వచ్చే లిఫీ నది నోట్లో ఇసుక మేట వేసి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవి. 1800లో విలియం బ్లై అఖాతాన్ని కొలిచి పటం గీశాడు, నావికులు తిరగబడి దించేసిన బౌంటీ ఓడ కెప్టెన్ బ్లై ఈయనే. 1819-25 మధ్య ఉత్తరం వైపు గోడ కట్టారు. గోడ బయటి కొస ఎత్తు తక్కువ. పోటు నీళ్ళు దాని మీదుగా వస్తాయి. ఆటు మొదలై నీటిమట్టం తగ్గాక గోడ తేలుతుంది, మిగిలిన నీళ్ళన్నీ రెండు గోడల మధ్య ఇరుకు సందులోంచే వేగంగా పోవాలి. ఆ వేగమే అడుగున ఇసుకను కోసుకుపోయింది. నోటి దగ్గర లోతు సుమారు 1.8 మీటర్ల నుంచి 4.8 మీటర్లకు పెరిగింది. మేట వేసిన ఇసుకలో కొంత గోడకు ఉత్తరాన చేరి దీవి అయింది. ఇంకా పెరుగుతోంది. 1981లో యునెస్కో జీవావరణ ప్రాంతంగా గుర్తించింది.

తీరంరాతలు:
ఆ బుల్ పేరు క్లాన్‌టార్ఫ్ ఎద్దుల నుంచేనా?

నార్తువాల్:
రెండు వాదాలు. ఇసుకమేట మీద అలల రంకె విని బుల్ అన్నారని ఒకటి, క్లాన్‌టార్ఫ్‌కి కూడా పేరు ఆ రంకె వల్లే వచ్చిందంటారు.

సందేహాలరావు:
ఆ కథ వినసొంపుగా ఉంది, అందుకే నమ్మబుద్ధి కాదు. క్లూన్ అంటే పచ్చిక బయలు. పచ్చికలో ఉండేది మామూలు ఎద్దు. 1014 ఏప్రిల్ 23న ఐరిష్ రాజు బ్రియన్ బోరు క్లాన్‌టార్ఫ్ యుద్ధం జరిగేనాటికే ఎద్దు పేరులో ఉంది. ఇంగ్లీషులో నార్త్ బుల్, సౌత్ బుల్ తర్వాతివి.

నార్తువాల్:
సౌత్ బుల్ శాండీమౌంట్ వైపు ఉంది, పచ్చికకు నది అవతల. అటువైపు మేటకు కూడా ఎద్దు పేరెందుకు వచ్చింది మరి?

సందేహాలరావు:
ఉత్తరానిదానికి ఉంది కాబట్టి జంటగా పెట్టారు. నార్త్, సౌత్ అని ఉండటమే సాక్ష్యం.

పటాలపిచ్చి:
పుస్తకంలో "ఎద్దుల పచ్చిక" అని రాసి, రంకె కథను కథగా చెప్పండి. ఇదే జాగ్రత్త బాల్‌డాయిల్‌కీ కావాలి. "నల్ల పరాయివాళ్ళ ఊరు, అంటే డేన్లది (డెన్మార్క్ వైకింగులది)" అని అన్ని వ్యాసాల్లోనూ ఉంటుంది. దువ్ అంటే నలుపు, గాల్ అంటే పరాయివాడు, మాటలు నిజమే. కానీ ఆ రెండూ కలిసి మనిషి పేరుగా కూడా వాడుకలో ఉండేది. డాయిల్ అన్న ఇంటిపేరు దాన్నుంచే వచ్చింది. డాయిల్ అనే ఒక మనిషి ఊరు అనుకుంటే సరిపోతుంది, డేన్ల కాలనీ అక్కర్లేదు.

ఫాదా_దీర్ఘం:
హోత్ ఎదురుగా ఉన్న ఐర్లండ్స్ ఐ దీవిని "ఐర్లండ్ కన్ను" అని తెలుగు చేయకండి బాబూ. ఎరియా అనే స్త్రీ పేరుతో ఉన్న దీవి అది. నోర్స్‌వాళ్ళు ఇనిష్ తీసి ఎయ్ పెట్టారు. ఎరియాని ఏర, అంటే ఐర్లండ్, అనుకున్నారు. ఎయ్‌ని తర్వాతివాళ్ళు కన్ను అనుకున్నారు. ఇప్పటి ఐరిష్ పేరు ఇంకొకటి, ఇనిష్ మక్ న్యాసాన్.

కార్కుసీసా:
ఒక్కటి చేర్చనా? ఒకే ఇంగ్లీషు పేరుంటే ఐరిష్ పేరు కూడా ఒకటే అనుకుని అచ్చేసేవాళ్ళున్నారు. డబ్లిన్ బ్లాక్‌రాక్ అన్ ఖారిగ్ గువ్. కార్క్ బ్లాక్‌రాక్ అన్ డూఖారిగ్. లౌత్ కౌంటీ బ్లాక్‌రాక్ బహువచనం, నా క్రాగఖా డువా. గాల్వే దగ్గర సాల్ట్‌హిల్ ఐరిష్‌లో బోహర్ న త్రా, ఒడ్డు దారి. ఉప్పూ లేదు, కొండా లేదు. డబ్లిన్ సాల్ట్‌హిల్ మాత్రం అచ్చంగా ఉప్పుకొండే.

గెజిట్‌గోపాలం:
అందుకే లొగానిమ్‌లో కౌంటీ ముందు చూడమన్నది.

తీరంరాతలు:
గ్లెనగేరీ, రహీనీ మిగిలాయి. రెండింట్లోనూ ఇంగ్లీషు అక్షరాలకీ ఐరిష్ అక్షరాలకీ పొంతన కుదరట్లేదు.

ఫాదా_దీర్ఘం:
చెవితో వినండి, కుదురుతుంది. గ్లెనగేరీ: గ్లాన్ న గేరఖ్, గొర్రెల లోయ. గొర్రెకు మాట "కేర". "న" తర్వాత షష్ఠీ బహువచనంలో క ముందు జి అక్షరం చేరుతుంది, పలికేది ఆ "గ"నే. రాతలో జి చిన్నక్షరం, సి పెద్దక్షరం పక్కపక్కన ఉంటాయి. అచ్చులో రెండూ పెద్దవి చేస్తే తప్పు.
రహీనీ: రా-హెనీ. మొదటి మాట చివర టి-హెచ్ ఉంది, అదే "హ" అయి రెండో మాటకు అతుక్కుంది. మొదటి మాటకు అర్థం గుండ్రటి మట్టికోట.

పటాలపిచ్చి:
కిలైనీ-డాకీ మధ్య ఇటలీ పేర్లను వదలద్దు. వీకో రోడ్డు, సొరెంటో రోడ్డు. రైలు వచ్చాక సంపన్నులు కొండ మీద ఇళ్ళు కట్టుకుని, అఖాతం నేపుల్స్‌లా ఉందని ఆ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు తెచ్చుకున్నారు. వీటికి లోతైన మూలాలు వెతకక్కర్లేదు, రియల్ ఎస్టేట్.

ఉప్పుచేప:
బ్రోచర్ చరిత్ర చాలా పాతదన్నమాట. డాకీలో అట్మాస్ఫెరిక్ రోడ్డు కూడా అదే బాపతా? గాలి బాగుంటుందని?

నార్తువాల్:
కాదు, అది నిజంగా గాలితో నడిచిన రైలు. డబ్లిన్-కింగ్స్‌టౌన్ లైను 1834 డిసెంబరు 17న మొదలైంది, ఐర్లండ్‌లో మొదటి రైలు. దానికి కొనసాగింపుగా కింగ్స్‌టౌన్ నుంచి డాకీకి 1843లో వేశారు, సుమారు 2.8 కిలోమీటర్లు. పట్టాల మధ్య 15 అంగుళాల గొట్టం, అందులో పిస్టను, పిస్టను బండికి తగిలించి ఉంటుంది. డాకీ చివర ఆవిరి ఇంజను గొట్టంలోంచి గాలి లాగేస్తే వెనక గాలి ఒత్తిడి బండిని ఎత్తులోకి తోస్తుంది. తిరుగు ప్రయాణం వాలే కాబట్టి దానంతటదే దిగేది. గొట్టం పైన చీలికను మూసే తోలుపట్టీ దగ్గర చికాకు: కొవ్వు రాసి ఎంత బిగించినా గాలి కారేది. 1854లో ఆపేసి మామూలు రైలు వేశారు.
మొదటి లైను మెరియన్ నుంచి బ్లాక్‌రాక్ దాకా సముద్రపు ఇసుక మీద కట్ట వేసుకుని వెళ్ళింది. కట్టకు లోపల చిక్కుకున్న నీళ్ళే ఇప్పటి బూటర్స్‌టౌన్ చిత్తడి, పక్షుల సంరక్షణ ప్రాంతం. రైల్లో కూర్చుని రెండువైపులా చూస్తే కనపడుతుంది.

తీరంరాతలు:
చివరి సందేహం. కింగ్స్‌టౌన్ అని అచ్చయిన పాత పోస్టుకార్డులు పుస్తకంలో వేస్తున్నాం. తేదీ లేదు. 1920కి ముందువని రాసేయచ్చా?

గెజిట్‌గోపాలం:
ముందు వెనకవైపు చూడండి. 1902కి ముందు బ్రిటిష్ కార్డుల్లో తపాలా బిళ్ళ వైపు చిరునామా మాత్రమే రాయాలి, కబురు బొమ్మ పక్కనే. మధ్య గీతతో రెండు భాగాలుంటే 1902 తర్వాతది. బిళ్ళ మీద గడ్డం ఉన్న ఏడో ఎడ్వర్డు ఉంటే 1902కీ 1910కీ అటూఇటూ. అయిదో జార్జికీ గడ్డమే, కాబట్టి పోల్చుకోడానికి కేటలాగు దగ్గర పెట్టుకోండి. అయిదో జార్జి బిళ్ళ మీద ఐరిష్ అక్షరాలు నల్లగా అచ్చు వేసి ఉంటే 1922 లేదా ఆ తర్వాత: బ్రిటిష్ పాలన పోయాక వచ్చిన కొత్త ఐరిష్ ప్రభుత్వం సొంత బిళ్ళలు వచ్చేదాకా పాతవాటి మీదే ముద్ర కొట్టింది.
బొమ్మ మీద పేరును బట్టి మాత్రం కాలం కట్టకండి. దుకాణాల్లో మిగిలిన కట్టలు పేరు మారాక కూడా అమ్ముడుపోయాయి.

ఉప్పుచేప:
అంటే కింగ్స్‌టౌన్ బొమ్మ, రాజు తల, తల మీద ఐరిష్ ముద్ర, మూడూ ఒకే కార్డు మీద దొరకచ్చు. అది దొరికితే అట్టమీద వేయండి.

తీరంరాతలు:
వెతుకుతున్నాం. డాకీ, కిలైనీ, రహీనీ స్పెల్లింగులు దిద్దిన ప్రూఫు సోమవారానికి ఇక్కడే పెడతాను. ఫాదా_దీర్ఘం గారూ, దీర్ఘాలు మీ పూచీ.